మెయిల్ వస్తోంది, పోవట్లేదు: ఇంటి కంప్యూటర్లో పంపే మెయిల్‌కి పాస్‌వర్డ్ కుదుర్చుకోవడం

"అమ్మా, మెయిళ్లు వస్తున్నాయి గానీ పోవట్లేదు."

"తెర మీద ఏం పడింది బాబాయిగారూ?"

"ఏదో ఇంగ్లీషులో పడింది. ఓకే కొట్టేశా."

నెలలో 11వ తేదీ, 20వ తేదీ దగ్గర పడుతుంటే నాకు ఇలాంటి ఫోన్లు మామూలే. తెనాల్లో ఇంటి నుంచే చిన్న వ్యాపారులకి లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. వాళ్ల బిల్లులు నాకు మెయిల్లో రావాలి, నేను వేసిన లెక్క వాళ్లకి మెయిల్లో పోవాలి. అందుకని ఎవరింట్లో మెయిల్ ఆగినా ఆ గొడవ తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. ఆ ఓకే కొట్టకముందు తెర మీద ఒక నంబరు గానీ ఒక వాక్యం గానీ ఉంటుంది. తప్పెక్కడుందో సగానికి పైగా అదే చెప్పేస్తుంది. దాన్ని చదవకుండా మూసేసి, పాస్‌వర్డ్ మార్చి, ప్రోగ్రాం తీసేసి మళ్లీ వేసి, ఆఖరికి మెకానిక్ చేత విండోస్ కొత్తగా ఎక్కించుకున్నవాళ్లున్నారు. కొత్త విండోస్‌లో కూడా మెయిల్ పోలేదు. పోదు మరి, చెడింది విండోస్ కాదు కదా.

ఇక్కడ కంప్యూటర్లో మెయిల్ తెచ్చి చూపించే థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాంనీ, జీమెయిల్‌నీ పట్టుకుని చెప్తాను. యాహూ, హాట్‌మెయిల్, సొంత డొమైన్ మెయిల్ ఉన్నవాళ్లకి తేడా ఎక్కడొస్తుందో దారిలో చెప్తాను. మెయిల్ అంతా బ్రౌజర్లోనే చూసుకునేవాళ్లకి ఈ బాధే లేదు. నాకు మాత్రం నాలుగు అడ్రసులు ఒకే కిటికీలో ఉండాలి, కరెంటు పోయి వైఫై ఆగినా పోయినేడాది బిల్లు వెతుక్కోగలగాలి. అందుకే ప్రోగ్రాం వాడతాను.

రావడం వేరు, పోవడం వేరు

మెయిల్ తెచ్చే సర్వరు ఒకటి, పంపే సర్వరు ఇంకొకటి. తెచ్చే పద్ధతిని ఐమ్యాప్ అనో పాప్ అనో అంటారు, పంపే పద్ధతి ఎస్ఎంటీపీ. సర్వర్ల పేర్లు వేరు, పోర్టు నంబర్లు (సర్వరు లోపలికి వెళ్లే తలుపుల నంబర్లు అనుకోండి) వేరు, కంప్యూటర్లో దాచుకునే పాస్‌వర్డ్‌లు కూడా విడివిడిగానే ఉంటాయి. కాబట్టి మెయిల్ వస్తోందంటే నెట్ బాగుందనీ, వచ్చే వైపు అన్నీ సరిగ్గా ఉన్నాయనీ అర్థం. ఆ వైపు చెయ్యి పెట్టకండి. పని చేస్తున్నదాన్ని కెలికితే ఒక గొడవ రెండు గొడవలవుతుంది.

అసలు పంపేటప్పుడు పాస్‌వర్డ్ అడగడమనేది మొదట్లో లేదు. 1982లో జాన్ పోస్టెల్ ఎస్ఎంటీపీ నియమాలు రాసినప్పుడు అందులో పాస్‌వర్డ్ ఊసే లేదు. ఎర్ర డబ్బాలో ఉత్తరం వేసేవాణ్ణి నువ్వెవరివని ఎవరూ అడగరు చూడండి, అలా ఎవరైనా ఏ సర్వరుకైనా మెయిల్ అప్పజెప్పొచ్చు. అప్పట్లో నెట్టులో ఉన్నది యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలే కాబట్టి సాగింది. తొంభైలలో స్పామ్ పంపేవాళ్లు దీన్ని వాడుకుని, ఎవరెవరి సర్వర్ల మీదనో లక్షల మెయిళ్లు తోసేయడం మొదలుపెట్టారు. దాంతో 1999 మార్చిలో, పంపేముందు పేరూ పాస్‌వర్డూ చెప్పే పద్ధతి నియమంగా వచ్చింది. ఎస్ఎంటీపీ ఆథ్ అంటే అదే. దానికి కాస్త ముందు, 1998 డిసెంబరులో, మనలాంటివాళ్లు తమ కంప్యూటర్ల నుంచి మెయిల్ అప్పజెప్పడానికి 587 అనే పోర్టుని విడిగా ఇచ్చారు. పాత 25వ పోర్టు సర్వరుకీ సర్వరుకీ మధ్య వాడకానికి మిగిలింది. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు స్పామ్ చిమ్మకుండా చాలాచోట్ల బ్రాడ్‌బ్యాండ్ వాళ్లే ఇళ్ల కనెక్షన్లకి 25ని మూసేస్తారు. మీ పాత సెట్టింగుల్లో ఎక్కడైనా 25 కనిపిస్తే దాన్ని తీసేయండి, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

ఏ పాస్‌వర్డ్?

బ్రౌజర్లో జీమెయిల్ తెరిచే పాస్‌వర్డ్ ఇక్కడ పనికిరాదు. ఎక్కువమంది ఆగిపోయేది ఈ ఒక్క మెట్టు దగ్గరే. "అదే పాస్‌వర్డుతో ఫోన్లో తెరుచుకుంటోందిగా" అంటారు. తెరుచుకుంటుంది. కానీ బయటి ప్రోగ్రాములు ఉత్త పేరూ పాస్‌వర్డుతో లోపలికి రావడాన్ని మామూలు జీమెయిల్ ఖాతాలకి 2022 మే 30 నుంచి గూగుల్ ఆపేసింది. అంతకుముందు "లెస్ సెక్యూర్ యాప్స్" అని ఒక మీట ఉండేది, అది నొక్కితే పనైపోయేది. దానికోసం ఇప్పటికీ ఖాతా అంతా గాలించేవాళ్లున్నారు. గాలించకండి, అది లేదు.

ఇప్పుడున్నవి రెండు పద్ధతులు. మొదటిది ఓఆథ్2. ఇందులో ప్రోగ్రాం మీ పాస్‌వర్డ్ అడగదు. గూగుల్ వాళ్ల కిటికీ ఒకటి తెరుచుకుంటుంది, అందులో మీరు లాగిన్ అయి "అలో" నొక్కితే పాస్‌వర్డ్ బదులు చూపించుకోమని గూగుల్ ఆ ప్రోగ్రాంకి ఒక టోకెన్ ఇస్తుంది. మీ అసలు పాస్‌వర్డ్ థండర్‌బర్డ్ చేతికి రానేరాదు. రెండోది యాప్ పాస్‌వర్డ్. గూగులే తయారుచేసి ఇచ్చే 16 అక్షరాల పాస్‌వర్డ్ ఇది. ఒక్కో ప్రోగ్రాంకి ఒక్కోటి తీసుకోవచ్చు, అక్కర్లేనప్పుడు దాన్నొక్కదాన్నే చంపేయొచ్చు.

నా పద్ధతి చెప్తాను: ఓఆథ్2 తెలిసిన ప్రోగ్రాంకి ఓఆథ్2 పెట్టండి, పాస్‌వర్డ్ తప్ప ఇంకేమీ తెలియని ప్రోగ్రాంకి యాప్ పాస్‌వర్డ్ ఇవ్వండి. థండర్‌బర్డ్‌కి రెండూ తెలుసు, కాబట్టి దానికి మొదటిదే. స్కాన్ చేసి నేరుగా మెయిల్ కొట్టే ప్రింటర్లు, టాలీ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లు చాలావరకు రెండో రకం.

యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలంటే ముందు ఖాతాకి టూ-స్టెప్ వెరిఫికేషన్ ఉండాలి, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఫోనుకి వచ్చే కోడ్ లాంటిది కూడా అడగాలి. గూగుల్ ఖాతా పేజీలో "సెక్యూరిటీ" విభాగంలోకి వెళ్లి దాన్ని ఆన్ చేయండి. ఫోన్ నంబరు ఇచ్చేటప్పుడు ఇంట్లో ఎప్పుడూ అందుబాటులో ఉండే నంబరు ఇవ్వండి. ఖాతా నాన్నది, ఫోను హైదరాబాదులో ఉన్న కొడుకుది అయితే రాత్రి తొమ్మిదింటికి కోడ్ కోసం ఒకరికొకరు ఫోన్లు చేసుకోవడమే మిగులుతుంది. ఇది ఆన్ అయ్యాక అదే పేజీ పైన వెతికే గడిలో "యాప్ పాస్‌వర్డ్స్" అని కొట్టండి. ఒక పేరు అడుగుతుంది. "మెయిల్" అనో "టెస్ట్" అనో పెట్టొద్దు, "ఇంటి డెస్క్‌టాప్ టాలీ" అన్నట్టు రేపు చూసినా తెలిసే పేరు పెట్టండి. క్రియేట్ నొక్కగానే నాలుగేసి అక్షరాల చొప్పున నాలుగు గుంపులుగా పాస్‌వర్డ్ కనిపిస్తుంది. మధ్యలో కనిపించే ఖాళీలు చదువుకోవడానికి వీలుగా పెట్టినవే, కొట్టేటప్పుడు 16 అక్షరాలూ కలిపేయండి. ఆ కిటికీ మూస్తే మళ్లీ చూపించదు. చూపించకపోతే కొంపేమీ మునగదు, పాతది తీసేసి కొత్తది చేసుకోవడమే. అందుకని దాన్ని కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించే పని పెట్టుకోకండి.

"యాప్ పాస్‌వర్డ్స్" అన్నదే కనిపించకపోతే మూడు చోట్ల చూడండి. టూ-స్టెప్ ఇంకా ఆన్ అయి ఉండదు. లేదా అది మీ సొంత ఖాతా కాకుండా ఆఫీసో కాలేజీయో ఇచ్చిన ఖాతా అయి, వాళ్లు ఆపేసి ఉంటారు. లేదా టూ-స్టెప్‌ని సెక్యూరిటీ కీ అనే యూఎస్‌బీ పుల్ల మీదే నడిపేలా పెట్టి ఉంటారు. మూడోది మన ఇళ్లలో అరుదు.

పాస్‌వర్డ్ మాత్రమే తెలిసిన ప్రోగ్రాముల్లో యాహూకి కూడా ఇలాంటి యాప్ పాస్‌వర్డే కావాలి, అది ఖాతా సెక్యూరిటీ పేజీలో దొరుకుతుంది. హాట్‌మెయిల్, అవుట్‌లుక్ డాట్ కామ్ ఖాతాల సంగతి వేరు. 2024 సెప్టెంబరు 16 నుంచి మైక్రోసాఫ్ట్ సొంత ఖాతాలకి ఉత్త పాస్‌వర్డుతో వచ్చే దారిని ఆపేసింది, ఓఆథ్2 ఒక్కటే మిగిలింది. పాత హాట్‌మెయిల్ అడ్రసుని పాస్‌వర్డ్ మాత్రమే తెలిసిన సాఫ్ట్‌వేర్‌లో పెట్టి కుస్తీ పట్టేవాళ్లకి నా మాట: దాన్ని వదిలేసి ఆ పనికి ఇంకో అడ్రసు వాడండి.

థండర్‌బర్డ్‌లో గడులు నింపడం

కొత్త ఖాతా చేర్చేటప్పుడు మీ పేరు, అడ్రసు ఇస్తే థండర్‌బర్డ్ జీమెయిల్ వివరాలన్నీ తనే పట్టుకుంటుంది. గూగుల్ కిటికీ తెరుచుకుంటే లాగిన్ అయిపోండి, అక్కడితో సరి. ఇబ్బందల్లా ఎప్పుడో ఏళ్ల కిందట పెట్టుకుని, కంప్యూటర్ మారినప్పుడల్లా మోసుకొచ్చిన పాత ఖాతాలతోనే.

పై మెనూలో "అకౌంట్ సెట్టింగ్స్" తెరవండి. ఎడమ పక్క ఖాతాల వరస ఉంటుంది. ఆ వరసలో బాగా కిందికి వెళ్తే "అవుట్‌గోయింగ్ సర్వర్ (ఎస్ఎంటీపీ)" అని విడిగా కనిపిస్తుంది. ఇది ఏ ఖాతా కిందా ఉండదు, అందుకే చాలామంది కంట పడదు. దాన్ని నొక్కి, కుడి పక్క మీ సర్వరుని ఎంచుకుని "ఎడిట్" నొక్కండి.

సర్వర్ నేమ్ దగ్గర ఎస్ఎంటీపీ, చుక్క, జీమెయిల్, చుక్క, కామ్. కొట్టేది ఇంగ్లీషు అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీలు ఉండకూడదు. యాహూ అయితే ఎస్ఎంటీపీకీ యాహూకీ మధ్యలో మెయిల్ అన్న మాట, దాని చుక్కా అదనం. జోహో అనే కంపెనీ మెయిల్ వాడేవాళ్లయితే, దాని భారత ఖాతాలకి చివర కామ్ బదులు ఇన్ వస్తుంది.

పోర్టు, కనెక్షన్ సెక్యూరిటీ అనే రెండు గడుల్నీ జంటగానే చూడాలి. 465 పెడితే ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ (కనెక్షన్‌ని గుప్తంగా ఉంచే పద్ధతి) ఎంచుకోవాలి. 587 పెడితే స్టార్ట్‌టీఎల్ఎస్ ఎంచుకోవాలి. 465లో మొదటి అక్షరం నుంచే గుప్తంగా మాట్లాడుకుంటారు. 587లో ముందు మామూలుగా పలకరించుకుని, ఆ తర్వాత గుప్తంలోకి మారతారు. జంట తప్పితే పాస్‌వర్డ్ దాకా వెళ్లదు. 465కి స్టార్ట్‌టీఎల్ఎస్ పెట్టారంటే రెండు వైపులా ఎదుటివాళ్లు ముందు మాట్లాడతారని కూర్చుంటాయి, తెర మీద గీత నెమ్మదిగా కదులుతుంది, చాలాసేపటికి టైమవుట్ అంటుంది. ఇది చూసి నెట్ స్లో అనుకుంటారు. రెండు జంటల్లో నేను 465నే పెడతాను. 2018లో వచ్చిన నియమాలు కూడా మొదటి నుంచీ గుప్తంగా ఉండే దానికే ఓటేశాయి. 465 దొరకని సర్వరైతే 587తో నష్టమేమీ లేదు.

అథెంటికేషన్ మెథడ్ గడి కాస్త తికమకది. దాన్ని తెరిస్తే చాలా పేర్లు కనిపిస్తాయి. వాటిలో "ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్" అని ఉంటుంది, చదవగానే అదే భద్రమనిపిస్తుంది. జీమెయిల్‌కి అది పనిచేయదు. అది ఒక పాత పద్ధతి, కనెక్షన్‌కి గుప్తం లేని రోజుల్లో పాస్‌వర్డుని మాత్రమైనా కాపాడుకోవడానికి పెట్టుకున్నది. ఇప్పుడు కనెక్షన్ మొత్తం గుప్తంలో ఉంటుంది కాబట్టి దాంతో పని లేదు. థండర్‌బర్డ్‌లో జీమెయిల్‌కి "ఓఆథ్2" ఎంచుకోండి. యాప్ పాస్‌వర్డ్ వాడుతుంటే "నార్మల్ పాస్‌వర్డ్" ఎంచుకోండి. "నార్మల్" అన్న మాట చూసి భయపడకండి. ఒకటి మాత్రం గమనించండి: అదే చోట "పాస్‌వర్డ్, ట్రాన్స్‌మిటెడ్ ఇన్‌సెక్యూర్లీ" అని కనిపించిందంటే పై గడిలో కనెక్షన్ సెక్యూరిటీ "నన్" మీద ఉందని అర్థం. అంటే మీ పాస్‌వర్డ్ దారిన పోయే ఎవరైనా చదివేలా పోతుంది. ముందు ఆ గడి సరిచేయండి, ఈ మాట దానంతటదే "నార్మల్ పాస్‌వర్డ్"గా మారిపోతుంది.

దారిన పోయేవాళ్లు చదవడమంటే ఊరికే అనడం లేదు. పాస్‌వర్డ్ అడిగేటప్పుడు సర్వరు 334 అనే నంబరు చెప్పి, పక్కన అర్థంకాని అక్షరాల గొలుసొకటి పంపిస్తుంది. మన ప్రోగ్రాం పేరునీ పాస్‌వర్డునీ అలాంటి గొలుసులుగానే తిరిగి పంపిస్తుంది. చూడ్డానికి గుప్తలిపిలా ఉంటుంది. కానీ అది బేస్64 అనే రాత మార్పిడి మాత్రమే. తాళం లేదు, తాళంచెవీ లేదు, ఎవరైనా క్షణంలో వెనక్కి తిప్పి చదివేయొచ్చు. మీ పాస్‌వర్డుని కాపాడుతున్నది బయట కప్పుకున్న టీఎల్ఎస్ ఒక్కటే.

యూజర్ నేమ్ దగ్గర ఎట్ గుర్తుతో సహా పూర్తి మెయిల్ అడ్రసు రాయండి. జీమెయిల్, యాహూ, సొంత డొమైన్లు, అన్నింటికీ అంతే. పాత బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల మెయిల్ అయితే ఎట్ ముందు భాగమే అడిగేవి కొన్ని ఉండేవి.

ఓకే కొట్టి, మీ అడ్రసుకే మీరు ఒక మెయిల్ పంపి చూడండి. మొదటిసారి ఓఆథ్2 కిటికీ గానీ పాస్‌వర్డ్ గడి గానీ వస్తుంది. ఓఆథ్2 కిటికీ తెల్లగా నిలబడిపోతే థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగంలో కుకీలు ఆపేసి ఉన్నాయేమో చూడండి. అవి లేకపోతే గూగుల్ లాగిన్ ముందుకి కదలదు.

ఒకటికి మించి ఖాతాలున్నవాళ్లు ఇంకో చోట చూడాలి. ఎడమ వరసలో ఒక్కో ఖాతా పేరు మీదా నొక్కితే, కుడి పక్క బాగా కింద, ఆ ఖాతా ఏ అవుట్‌గోయింగ్ సర్వరు వాడాలో చెప్పే గడి ఉంటుంది. రెండో ఖాతా చేర్చినప్పుడు అది మొదటి ఖాతా సర్వరునే పట్టుకుని ఉండొచ్చు. అలా యాహూ అడ్రసు నుంచి రాసిన మెయిల్ జీమెయిల్ సర్వరు మీదుగా పోతే జీమెయిల్ ఒప్పుకుంటుంది, కానీ ఫ్రమ్ దగ్గర తనకి తెలిసిన జీమెయిల్ అడ్రసే వేసి పంపిస్తుంది. అవతలివాళ్లు "మీ ఇంకో ఐడీ నుంచి వచ్చింది" అంటే కారణం ఇదే. ఇంకొన్ని సర్వర్లు అసలు ఒప్పుకోవు, ఈ అడ్రసు నీది కాదు పొమ్మంటాయి.

సొంత డొమైన్ వాళ్లకి ఒక మాట. హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్లో మెయిల్ ఖాతా పక్కనే పంపే సర్వరు పేరు, పోర్టు రాసి ఉంటాయి. అవే పెట్టండి, ఊహించి రాయకండి. పేరు తేడాగా ఉంటే సర్టిఫికెట్ (సర్వరు తన పేరు నిజమని చూపించే పత్రం) సరిపోలేదని హెచ్చరిక వస్తుంది, "కన్ఫర్మ్ సెక్యూరిటీ ఎక్సెప్షన్" అనే బటన్ ఊరిస్తుంది. దాన్ని నొక్కేయడం సులువే. కానీ అలా నొక్కడం అలవాటైతే రేపు ఎవరైనా నిజంగా మధ్యలో దూరినా నొక్కేస్తారు. సర్వరు పేరు సరిచేస్తే హెచ్చరికే రాదు.

టాలీ నుంచి నేరుగా బిల్లు పంపాలంటే

ఇన్‌వాయిస్ తెరిచి ఉండగా పైన ఈమెయిల్ అన్నది నొక్కితే, దాని కాన్ఫిగరేషన్లో ఇవే వివరాలు అడుగుతుంది: ఎవరి నుంచి, ఏ సర్వరు, ఎస్ఎస్ఎల్ వాడాలా, యూజర్ నేమ్, పాస్‌వర్డ్. వర్షన్‌ని బట్టి తెర కాస్త మారుతుంది. సర్వర్ల జాబితాలో మీది లేకపోతే "యూజర్ డిఫైన్డ్" ఎంచుకుని పేరు మీరే రాయాలి. పోర్టుకి విడిగా గడి లేకపోతే సర్వరు పేరు చివర కోలన్ పెట్టి నంబరు రాస్తారు. ఎస్ఎస్ఎల్ వాడాలా అన్న దగ్గర అవును అని, అంటే "యెస్" పెట్టండి. పాస్‌వర్డ్ అడిగే చోట ఇందాక చేసుకున్న యాప్ పాస్‌వర్డ్, 16 అక్షరాలూ కలిపి.

థండర్‌బర్డ్‌కి ఇచ్చిన దాన్నే టాలీకీ ఇవ్వకండి, విడిగా ఇంకోటి చేయండి. దుకాణంలో గుమస్తా మానేశాడనుకోండి, టాలీ పాస్‌వర్డ్ ఒక్కటే తీసేస్తే చాలు, ఇంట్లో మీ మెయిల్ ఆగదు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకి 500 మెయిళ్లకి మించి పోవని కూడా గుర్తుంచుకోండి. నెలాఖరున స్టేట్‌మెంట్లన్నీ ఒకేసారి తోసేవాళ్లకి ఇది తగులుతుంది.

తెర మీది నంబరు

ఇప్పుడు బాబాయిగారు ఓకే కొట్టేసిన దాని దగ్గరికి వద్దాం. ఎస్ఎంటీపీ సర్వరు ప్రతి మాటకీ మూడంకెల నంబరుతో జవాబిస్తుంది. 2తో మొదలైతే సరేనని, 4తో మొదలైతే ఇప్పుడు కాదు తర్వాత రమ్మని, 5తో మొదలైతే కుదరదని. పాస్‌వర్డ్ ఒప్పుకున్నప్పుడు వచ్చేది 235. అది మనకి కనిపించదు, మెయిల్ పోతుంది అంతే. మనకి కనిపించేవి 5 వరసవి.

535 అంటే పేరో పాస్‌వర్డో తప్పు. జీమెయిల్‌కి అసలు పాస్‌వర్డ్ ఇస్తే వచ్చేది ఎక్కువగా ఇదే. థండర్‌బర్డ్ కొన్నిసార్లు ఈ నంబరు చూపించకుండా "లాగిన్ టు సర్వర్ ఫెయిల్డ్" అని మూడు బటన్లు ఇస్తుంది. దాన్ని కూడా 535గానే చదవండి, "రీట్రై" నొక్కుతూ కూర్చోకండి. నంబరు కచ్చితంగా చూడాలనుకుంటే కంట్రోల్, షిఫ్ట్, జే కలిపి నొక్కితే ఎర్రర్ కన్సోల్ తెరుచుకుంటుంది.

534, పక్కనే 5.7.9 ఉంటే గూగుల్ మొహమాటం లేకుండా యాప్ పాస్‌వర్డ్ తెమ్మంటోంది. 530 అంటే మీరు పాస్‌వర్డ్ ఇవ్వనే లేదు, లేదా గుప్తం మొదలుపెట్టకుండానే మాట్లాడబోయారు. అథెంటికేషన్ మెథడ్ "నో అథెంటికేషన్" మీదో, కనెక్షన్ సెక్యూరిటీ "నన్" మీదో ఉందేమో చూడండి. 550 గానీ 554 గానీ వచ్చి, పక్కన "రిలే" అన్న మాట కనిపిస్తే అదీ పాస్‌వర్డ్ చెప్పకుండా బయటివాళ్లకి మెయిల్ పంపమన్నందుకే, సొంత డొమైన్ సర్వర్లలో ఇది ఎక్కువ. ఇలాంటి సర్వరు అదే డొమైన్లో ఉన్న అడ్రసుకి పంపితే ఒప్పుకుంటుంది, వేరే అడ్రసుకి అంటే ఒప్పుకోదు. అందుకే "మా ఆఫీసువాళ్లకి పోతోంది, మీకే పోవట్లేదు" అంటారు.

550 పక్కన 5.4.5 ఉంటే ఆ రోజు కోటా అయిపోయింది, పాస్‌వర్డ్ బాగానే ఉంది. 552 అంటే మెయిల్ బరువెక్కువ. జీమెయిల్ హద్దు 25 ఎంబీ. కానీ జతచేసిన ఫైలు దారిలో ఇందాక చెప్పిన బేస్64లోకి మారి మూడో వంతు లావవుతుంది, కాబట్టి 18 ఎంబీ దాటితే హద్దు దగ్గర పడ్డట్టే.

నంబరే రాకుండా ఆగితే

టైమవుట్ అనో, సర్వరుకి కలవలేకపోతున్నాననో అంటే గొడవ పాస్‌వర్డుది కాదు, దారిది. ముందు పోర్టు జంట చూడండి. అది బాగుంటే ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, కంప్యూటర్ని దానికి కలిపి మళ్లీ పంపండి. పోయిందంటే మీ బ్రాడ్‌బ్యాండో రౌటరో ఆ పోర్టుని అడ్డుకుంటోంది. 587కి బదులు 465, లేదా 465కి బదులు 587, జంటతో సహా మార్చి చూడండి. హాట్‌స్పాట్ మీద కూడా పోకపోతే అడ్డు కంప్యూటర్లోనే ఉంది. యాంటీవైరస్‌లో మెయిల్ షీల్డ్ లాంటి పేరుతో ఒక మీట ఉంటుంది, పోయే మెయిల్‌ని మధ్యలో పట్టుకుని చూడటం దాని పని. సర్టిఫికెట్ మీద అనుమానాలు కూడా అదే రేపుతుంది. దాన్నొక్కదాన్ని ఆపి చూడండి, యాంటీవైరస్ మొత్తం ఆపక్కర్లేదు.

పాత డెస్క్‌టాప్ అయితే కుడి పక్క కింద తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది. అది అయిపోతే, ప్లగ్గు తీసి పెట్టినప్పుడల్లా కంప్యూటర్ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఆ తేదీ ప్రకారం గూగుల్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కాబట్టి గుప్త కనెక్షన్ కుదరదు. మెయిల్ ఒక్కటే కాదు, బ్రౌజర్లో బ్యాంకు పేజీలు కూడా మొరాయిస్తాయి. ఆ సెల్ మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది, వాచీలు బాగుచేసే కొట్టులో దొరుకుతుంది.

దాచిన పాస్‌వర్డ్‌లు

నిన్నటిదాకా పోయిన మెయిల్ ఈ రోజు హఠాత్తుగా ఆగిందా? గూగుల్ పాస్‌వర్డ్ ఈ మధ్య మార్చారేమో గుర్తు చేసుకోండి. అసలు పాస్‌వర్డ్ మారిస్తే యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి. టాలీకీ, ప్రింటర్‌కీ, దేనికిచ్చింది దానికి మళ్లీ కొత్తది చేసివ్వాలి. థండర్‌బర్డ్‌లో పాతది వదిలించుకోవాలంటే సెట్టింగ్స్‌లో "ప్రైవసీ అండ్ సెక్యూరిటీ" కింద "సేవ్డ్ పాస్‌వర్డ్స్" తెరవండి. ఐమ్యాప్‌తో మొదలయ్యే వరస ఒకటి, ఎస్ఎంటీపీతో మొదలయ్యే వరస ఒకటి, ఓఆథ్ వాడుతుంటే దానికొకటి కనిపిస్తాయి. పంపేది ఆగితే ఎస్ఎంటీపీ వరస ఒక్కటే చెరిపి, ప్రోగ్రాం మూసి తెరిచి, మెయిల్ పంపండి. కొత్తది అడుగుతుంది.

ఆ జాబితా పక్కనే "షో పాస్‌వర్డ్స్" అనే బటన్ కూడా ఉంటుంది. మీ కుర్చీలో కూర్చున్న ఎవరైనా దాన్ని నొక్కొచ్చు. పిల్లలు ఆటలాడుకునే కంప్యూటరే అయితే అదే విభాగంలో "ప్రైమరీ పాస్‌వర్డ్" పెట్టుకోండి, థండర్‌బర్డ్ తెరిచినప్పుడు దాన్ని అడుగుతుంది. యాప్ పాస్‌వర్డ్ బయటికి పోతే దాంతో బ్రౌజర్లో మీ ఖాతా తెరవలేరు గానీ, ఐమ్యాప్ ద్వారా మీ మెయిళ్లన్నీ చదవగలరు, మీ పేరు మీద పంపగలరు. కాబట్టి సీపీయూని రిపేరుకి ఇచ్చేముందు, లేదా పాతదాన్ని అమ్మేముందు, ఫోన్లో గూగుల్ ఖాతా తెరిచి "యాప్ పాస్‌వర్డ్స్" పేజీలో ఆ కంప్యూటర్ పేరున్న వరస పక్కన చెత్తబుట్ట గుర్తు నొక్కండి. థండర్‌బర్డ్‌కి ఓఆథ్2 ఇచ్చి ఉంటే, సెక్యూరిటీ పేజీలో బయటి యాప్‌ల జాబితాలో మొజిల్లా థండర్‌బర్డ్ పేరు వెతికి దానికిచ్చిన అనుమతి కూడా తీసేయండి. కంప్యూటర్ తిరిగొచ్చాక కొత్తగా లాగిన్ అవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.